మా ఆవిడే సర్దింది

భర్తకి విమాన ప్రయాణముందంటే చాలు, ఆవిడ పెదాలు బిగించి పెట్టె ముందు చతికిలబడుతుంది. షాంపూ సీసా మూత విప్పి, మూతి మీద పాలిథిన్ ముక్క పరిచి, మళ్ళీ బిగిస్తుంది. షేవింగ్ నురగ డబ్బాకి మూత ఊడకుండా టేపు చుట్టి, పాత మేజోడులో దూర్చి, పెద్ద పెట్టె అడుగున బట్టల మధ్య పెడుతుంది. అంత డబ్బా చేతిసంచిలో రానివ్వరని చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పెట్టింది. "నాకు తెలుసులేవే" అంటాడాయన.

మొన్న చెల్లెలి కూతురి పెళ్ళికి ఇద్దరూ కలిసి బయల్దేరారు. దిగగానే గడ్డం గీసుకోవచ్చని, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఆయనే ఆ డబ్బా తీసి చేతిసంచిలో పడేసుకున్నాడు. తనిఖీలో దొరికింది. "ఇది ఇందులో పెట్టకూడదండీ, ఎవరు సర్దారు?" అంది అక్కడి అమ్మాయి. ఆయన వరుసంతా వినేలా నవ్వాడు. "మా ఆవిడే సర్దిందండీ. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు." ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోపే డబ్బా మేజోడుతో సహా చెత్తబుట్టలో పడింది. పెళ్ళిలో నలుగురి ముందూ పళ్ళు బిగించుకుని తిరిగింది.

తిరుగు ప్రయాణం రోజు ఆయన "సర్దేశావా?" అంటూ వచ్చాడు. ఆవిడ తన పెట్టెకి తాళం వేసుకుంటోంది. ఆయన పెట్టె మంచం మీద ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది, పక్కన టేపు చుట్ట.

"మీరే సర్దుకోండి," అంది. "ఈసారి ఎవరు సర్దారని అడిగితే అబద్ధమాడే శ్రమ తప్పుతుంది."