గట్టు మీద ఇంకొకరి ఆయాసం

కళ్ళారా చూశానని చెప్తే నమ్మేవాళ్ళు దొరుకుతారు. నేను చూడలేదు... విన్నాను, అంతే. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెప్తాను. ఒక్క ముక్క కూడా కలపడం లేదు.

నేను విమానంలో క్యాబిన్ క్రూగా చేస్తానని మీకు తెలుసు కదా. నవ్వుతూ కాఫీలు అందించడమే మా పని అనుకుంటారు జనం. అది పైపై పని. జరగరానిది జరిగితే ఆ బరువైన తలుపు మేమే తియ్యాలి. కదల్లేని మనిషిని రెక్కపట్టి లాక్కురావాలి. పొగలో నిలబడి గొంతు చించుకుని దారి చెప్పాలి. ఒంట్లో సత్తువ లేకపోతే ఇవేవీ జరగవు.

నాకు డెంగ్యూ వచ్చి తగ్గింది. తగ్గాక డ్యూటీకి వెళ్ళాను. ఒక తెల్లవారుజాము ఫ్లైట్‌లో తలుపు మూస్తుంటే చేతులు వణికాయి. బలమంతా పెట్టి మళ్ళీ లాగాను. కళ్ళ ముందు చుక్కలు... తలుపు సగంలోనే ఆగింది. మా సీనియర్ వచ్చి మూసేసింది. అందరి ముందూ ఏమీ అనలేదు. ప్రయాణికులు దిగిపోయాక పక్కకి పిలిచింది.

"ఇంటికెళ్ళు సుహాసినీ. బాగా కోలుకుని, మెడికల్ టెస్టు పాసయ్యి రా. నీ పక్కన నిలబడేవాళ్ళు నీ మీద ఆధారపడతారు" అంది.

ఆ మాట గుచ్చుకుంది. బంటుమిల్లి దగ్గర మా ఊరు వచ్చేశాను. మెడికల్‌కి ఇంకొన్ని వారాలే ఉన్నాయి. ఎలాగైనా నెగ్గాలి. మా డ్యూటీలు చాలావరకు తెల్లారకముందే మొదలవుతాయి. లోకమంతా నిద్రపోయే వేళ మా ఒళ్ళు మా మాట వినాలి. అందుకని ఆ వేళకే లేచి పరిగెత్తడం మొదలుపెట్టాను. అమ్మ వద్దని ఎంత పోరినా వినలేదు.

మా ఇల్లు దాటితే అన్నీ రొయ్యల చెరువులే. వాటి మధ్య పొడవాటి మట్టి గట్టు. రొయ్యలకి గాలి ఆడడానికి నీళ్ళలో ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి. రాత్రంతా టపటపమని నీళ్ళు కొడుతూనే ఉంటాయి. అలవాటైతే ఆ చప్పుడు చెవికి ఎక్కదు. చెరువులకి కాపలా యేసోబు మావయ్య. చుట్టం కాదు, మా చర్చి మనిషి. గట్టు చివర పాకలో పడుకుంటాడు. ఆయన ఉన్నాడన్న ధైర్యంతోనే అమ్మ చివరికి నన్ను పోనిచ్చేది.

ఆ రోజు చంద్రుడు లేడు. ఉక్కగా ఉంది, ఆకు కదలడం లేదు. కాళ్ళు బరువుగా ఉన్నాయి. అయినా పరిగెడుతున్నాను. గట్టు సగం దాటానేమో... కరెంటు పోయింది.

ఏరేటర్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. టప... టప... ఆగిపోయాయి.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కప్ప కూడా అరవడం లేదు. నేను ఆగాను. మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఆయాసం తీర్చుకుంటున్నాను.

అప్పుడు వినబడింది.

ఇంకొకరి ఆయాసం.

నాది కాదు. నా ఊపిరి నాకు తెలుసు. ఇది బరువుగా ఉంది... గరగరమంటోంది. నా ముందు, నీటి అంచున, నాలుగడుగుల దూరంలో. మొదట నా చప్పుడే నీళ్ళకి తగిలి తిరిగొస్తోందనుకున్నాను. ఊపిరి బిగబట్టాను.

అది ఆగలేదు.

హ్హా... హ్హా... హ్హా...

వీపు మీద చెమట ఒక్కసారిగా చల్లబడింది. "ఎవరండీ?" అన్నాను. "మావయ్యా, నువ్వేనా?" ఆ ఊపిరి ఒక్క క్షణం తడబడింది... మళ్ళీ మొదలైంది. ఫోను లైటు వేశాను. గట్టు, గడ్డి, నల్లటి నీళ్ళు. మనిషి లేడు. లైటు పడుతున్న ఆ ఖాళీ చోటి నుంచే చప్పుడు వస్తోంది.

ఇల్లు వెనకాలే ఉంది. వెనక్కి తిరిగి పరిగెత్తొచ్చు. కాళ్ళు అదే కోరుతున్నాయి. కానీ విమానంలో ఎవరైనా ఊపిరాడక కొట్టుకుంటుంటే మేం వాళ్ళ దగ్గరికి వెళ్తాం. దూరంగా జరగం. అది ఒంటికి పట్టేసింది. అక్కడున్నది ఏమైనా కానీ... కష్టంలో ఉంది. అది మాత్రం నాకు తెలుస్తోంది.

వెళ్ళాను. నీటి అంచున గడ్డి మీద కూర్చున్నాను. నా గొంతు నాకే వింతగా వినబడింది.

"కంగారు పడకండి. నేను ఇక్కడే ఉన్నాను. ముక్కుతో నెమ్మదిగా పీల్చండి... నోటితో వదలండి. నాతో పాటే..."

పీల్చాను. వదిలాను. మళ్ళీ.

కొంతసేపటికి... అది నాతో కలిసింది. నేను పీల్చినప్పుడు అదీ పీలుస్తోంది. నేను వదిలినప్పుడు అదీ వదులుతోంది. గరగర తగ్గింది. పక్కన ఎవరో కూర్చున్నట్టు, నా ఎడమ మోచేతికి కాస్త వెచ్చగా తగిలింది. తిరిగి చూడలేదు. చూడాలనిపించలేదు. భయం వల్ల కాదు. చూస్తే ఆ లయ తప్పుతుందనిపించింది.

తరవాత అది ఒక పెద్ద ఊపిరి వదిలింది. మళ్ళీ పీల్చలేదు.

ఎదురుచూశాను... పీల్చలేదు.

చెవుల్లో హోరు మొదలైంది. నీళ్ళు పైకి లేస్తున్నట్టు అనిపించింది. అంతే తెలుసు.

కళ్ళు తెరిచేసరికి జనరేటరు మోత, ఏరేటర్ల టపటప. యేసోబు మావయ్య నా మొహం మీద నీళ్ళు చల్లుతున్నాడు. జనరేటరు మొరాయిస్తే దానితో అవస్థ పడుతూ ఉన్నాడట. అది అందుకున్నాక టార్చి పట్టుకుని వచ్చాడు. నన్ను లేపి కూర్చోబెట్టి చుట్టూ వెతుకుతున్నాడు. లైటు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"రెండో మనిషి ఏడమ్మా?" అన్నాడు.

నేను నీటి అంచు వైపు చూశాను.

"ఇద్దరు ఆయాసపడతంటే జనరేటరు కాడికి ఇనబడింది. ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగతన్నట్టు. నువ్వేదో చెప్తన్నావు" అన్నాడు. ఆయనకి నేనేమీ చెప్పలేదు. అడగనూ లేదు. ఆయనంతట ఆయనే అన్నాడు.

పొద్దున్నే అమ్మ నన్ను బందరు తీసుకెళ్ళింది. డాక్టరుగారు రక్తపరీక్ష చూసి తల పట్టుకున్నారు. ఒంట్లో రక్తం బాగా పడిపోయింది, ఈ స్థితిలో పరిగెత్తడం ఏమిటని కోప్పడ్డారు. స్పృహ తప్పేముందు చెవులు మోసం చేస్తాయి, లేనివి వినబడతాయి అన్నారు. కూర్చుని ఉన్నావు గనక బతికావు, పరుగులో పడి ఉంటే నేరుగా చెరువులోకే అన్నారు. యేసోబు మావయ్యకి కూడా ఎలా వినబడిందని అడిగాను. డాక్టరుగారు మందులు రాసుకుంటూ ఉండిపోయారు.

బస్సులో అమ్మ మెల్లగా మొదలుపెట్టింది. పడిపోయిన సంగతి కంపెనీ వాళ్ళకి చెప్పకు, ఈ కాస్త గడిచిపోతుంది, ఎవరికి తెలుస్తుంది అంది. ఉద్యోగం పోతుందని ఆవిడ భయం. నాకూ ఉంది ఆ భయం.

"గాల్లో ఉండగా పడిపోతే తలుపు ఎవరు తీస్తారమ్మా?" అన్నాను.

ఆ సాయంత్రమే కంపెనీ డాక్టరుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మెడికల్ వాయిదా వేశారు. జీతం ఆగింది. వాళ్ళు తీసేస్తారేమోనని ఎన్నో రాత్రులు నిద్ర పట్టలేదు. అయినా మందులు వేసుకున్నాను. తోటకూర, వేరుశెనగ, వారానికి రెండుసార్లు మేక కార్జం... అమ్మ పెట్టింది పెట్టినట్టు తిన్నాను. డాక్టరుగారు సరేననేవరకు గుమ్మం దాటి పరిగెత్తలేదు. ఒప్పుకున్నాక మొదట నడక. తరవాత పరుగు, అదీ పగటిపూట, ఊళ్ళో రోడ్డు మీద. అడిగినవాళ్ళకల్లా జవాబు చెప్పుకుంటూ.

పాసయ్యాను. తిరిగి వెళ్ళిన మొదటి రోజే ఆ తలుపు నేనే మూశాను, ఒక్క లాగులో.

కానీ ఆ రాత్రి సంగతి మాత్రం తేలలేదు. అమ్మ దేవదూత అంటుంది. దేవదూతకి ఆయాసం ఎందుకు వస్తుంది? డాక్టరుగారు చెప్పింది నిజమే కావచ్చు. ఆ వెచ్చదనం కూడా జబ్బే కావచ్చు. మరి నేను ఊపిరి బిగబట్టినప్పుడు వినబడింది ఎవరిది?

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు యేసోబు మావయ్యని మళ్ళీ అడిగాను. ఆయన తన మంచాన్ని పాకలో రెండో వైపుకి మార్చుకున్నాడు, గట్టు కనబడకుండా. ఆ రెండో గొంతు ఆడమనిషిదా, మగమనిషిదా అన్నాను.

"ఆయాసానికి ఆడేంటి, మగేంటమ్మా" అన్నాడు. "ఎవరో బాగా అలిసిపోయినోళ్ళు."