రొయ్య అని కొట్టిన పొద్దు

మా ఓనర్‌ను తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబ్. రైతులు పొద్దున్నే సీసాల్లో నీళ్ళు తెస్తారు. నేను పరీక్ష చేసి, అంకెలు ఎక్కించి, నల్ల తెర మీద కమాండ్ కొడితే ఏఐ మోడల్ తెలుగులో సలహా రాసిస్తుంది. కింద సంతకం నాది. మోడళ్ళ పేర్లేమో గీతలూ అంకెలూ కలిసి మూరెడు పొడవు. అందుకని రెండు నెలలు పాత రిపోర్టులతో పరీక్షించి, బాగా రాస్తుందని తేల్చుకున్న మోడల్‌కి ‘రొయ్య’ అని పొట్టి పేరు పెట్టాను. రొయ్య అని కొడితే అదే పలకాలి.

ఒకరోజు చర్చిలో పెళ్ళుందని సెలవు పెట్టాను. మర్నాడు వచ్చి, ఎప్పటిలాగే రొయ్య అని కొట్టి, వచ్చిన కాగితాల మీద చకచకా సంతకాలు చేశాను. మొదట్లో ప్రతి ముక్కా చదివేదాన్ని. తప్పులు రావడం లేదని ఆ పని మానేశాను.

ఆ మర్నాడు ఒక రైతు తన కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆక్సిజన్ తక్కువగా ఉంది, మందు చల్లి ఏరేటర్లు ఆపండి అని ఉంది అందులో. ఆక్సిజన్ తగ్గితే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లను ఎవరైనా ఆపుతారా? ఆయన గుంటలో రొయ్యలన్నీ చచ్చిపోయాయి.

పొట్టి పేర్ల జాబితా తీసి చూశాను. రొయ్యకి ఎదురుగా వేరే మోడల్ ఉంది. లోపలి గదిలోకి వెళ్ళి ఓనర్‌ను నిలదీశాను.

“నేనే మార్చినా. కొత్తది, ఇంకా తెలివైందంట. నీ పేరు అట్నే ఉంచినా కదమ్మా.”

ఉప్పు డబ్బాలో సోడా పోసి, డబ్బా మార్చలేదు కదా అన్నట్టుంది.

“పాతదానికి తిప్పెయ్. రైతులకు మాత్రం చెప్పబాక,” అన్నాడు.

బయటికొచ్చి ఆయన వినేట్టే మిగతా రైతులందరికీ ఫోన్లు చేశాను. ఆ కాగితాలు చించెయ్యమన్నాను. తర్వాత బల్ల ముందున్న రైతుకు జరిగిందంతా చెప్పి, తప్పంతా ఓనర్‌దేనన్నాను.

రైతు కోప్పడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇరవై ఏళ్ళుగా గుంటలు చేస్తుండానక్కా. చదవంగానే తప్పనిపించింది. కింద నీ సంతకం చూసి ఏరేటర్లు ఆపినా.”