మునిగిన కారు

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదికీ అసహ్యం పుట్టించిన వస్తువు ఒకటి ఉండేది. అది మా నాన్న ఏళ్ళ తరబడి ఆశపడి, ఎంతో మురిపెంగా ఇంటికి తెచ్చిన తెల్ల కారు.

మేం భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్ళం. నాన్నది ప్రభుత్వ ఉద్యోగం. హైదరాబాదుకు బదిలీ అయ్యాక మణికొండలో ఒక ఇంటి పైభాగం అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటి యజమానురాలు ఒక్కతే ఉండేది. అరవై దాటిన మనిషి. పెరట్లో రేకుల కొట్టం కింద నాలుగు బర్రెలను పెట్టుకుని, చుట్టుపక్కల ఇళ్ళకు పాలు పోసేది. ఆమెను అందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం.

అప్పటికి మాదాపూర్ వైపు అద్దాల మేడలు ఒకటొకటిగా లేస్తున్నాయి. వాటిలో ఉద్యోగాలకు వచ్చిన కుర్రాళ్ళు నిన్నగాక మొన్న చేరి కార్లలో తిరిగేవారు. మా నలుగురికీ ఒకటే స్కూటరు. నేను ముందు నిలబడేదాన్ని, అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునేది. సిగ్నలు దగ్గర పక్కన ఆగిన కారు వైపు నాన్న చూడనట్టే చూసేవాడు. ఆ చూపు నాకు తెలుసు. బొమ్మల దుకాణం ముందు నేనూ అలాగే చూసేదాన్ని.

నార్సింగి దగ్గర ఖాళీ స్థలంలో టార్పాలిన్ వేసుకుని పాత కార్లు అమ్మే మనిషి ఒకడుండేవాడు. ఒక ఆదివారం నాన్న మమ్మల్నందరినీ అక్కడికి తీసుకెళ్ళాడు. ఆ తెల్ల కారు అన్నిటికన్నా ముందు నిలబెట్టి ఉంది, అద్దంలా మెరుస్తోంది. ఒక డాక్టరుగారు వాడిన బండి అనీ, ఆయన వారానికోసారి గుడికి తప్ప బయటకు తీసేవారు కాదనీ అమ్మేవాడు చెప్పాడు. తలుపు తీయగానే మల్లెపూల సెంటు గుప్పున కొట్టింది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ, ఇంత సెంటు ఎందుకు కొట్టాడండీ?" అంది మెల్లగా.

నాన్నకు ఆ మాట వినపడింది, కానీ వినదలచుకోలేదు. స్టీరింగు ముందు కూర్చుని రెండు చేతులూ దాని మీద వేశాడు. ఆయన ముఖం చూస్తే ఇంక ఏ పరీక్షా జరగదని నాకే అర్థమైంది. తెలిసిన మెకానిక్కుకు చూపిద్దామని అమ్మ అన్నది కూడా గాలికి పోయింది. వారం తిరిగేసరికి కారు మా గేటు ముందుంది. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. అవ్వ వచ్చి చుట్టూ తిరిగి చూసి కొట్టంలోకి వెళ్ళిపోయింది.

చలికాలం పోయేదాకా అద్దాలు దించుకునే తిరిగాం కాబట్టి ఏమీ తెలియలేదు. ఎండలు ముదిరాక బాచుపల్లిలో బంధువుల గృహప్రవేశానికి బయలుదేరాం. నాన్న దర్జాగా అద్దాలు ఎక్కించి మొదటిసారి ఏసీ వేశాడు. కాసేపటికి కాళ్ళ దగ్గర నుంచి ఏదో వాసన లేచింది. మొదట తడి గోనెసంచి వాసన అనుకున్నాం. తర్వాత అది మురిక్కాలువ వాసనైంది. ఆ తర్వాత దానికి పేరు లేదు. ఏదో చచ్చి, కుళ్ళి, సెంటులో నాని, మళ్ళీ కుళ్ళినట్టు. తమ్ముడు నా పట్టులంగా మీద వాంతి చేసుకున్నాడు. గృహప్రవేశంలో నేను తడి లంగాతో ఒక మూల కూర్చున్నాను. పక్కన కూర్చోబోయిన వాళ్ళు లేచి అవతలికి వెళ్ళారు.

మర్నాడు మెకానిక్కు వచ్చి ముందు సీట్లు ఊడదీశాడు. కింద పరిచిన కార్పెట్ అంచు పట్టుకుని లేపగానే అది చర్మం ఊడినట్టు చప్పుడు చేస్తూ వచ్చింది. దాని కింద నల్లటి ఒండ్రు, ఇంకా తడిగా. అందులో ఆకులు, ఒక చిన్నపిల్లల చెప్పు, పీలికలైన పాలిథిన్ సంచి. సీటు స్పాంజిలో అతుక్కుపోయిన ఎలుక ఒకటి బయటపడింది. తోలూ ఎముకలూ మాత్రమే మిగిలాయి.

"ఇది నీళ్ళల్ల మునిగిన బండి సార్," అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. "సీటు దాకా మునిగింది. తుప్పు చూడుర్రి. కొనేముందు ఒక్కసారి నాకు చూపిస్తే అయిపోతుండె గదా."

నాన్న నార్సింగికి వెళ్ళాడు. అమ్మినవాడు అక్కడే ఉన్నాడు, టీ కూడా ఇప్పించాడట. అంతా చూసుకునే కదా సార్ కొన్నారు, అన్నాడట నవ్వుతూ. ఇంటికొచ్చి నాన్న అన్నం తినలేదు. వాడి మీద కోపం కన్నా తన మీద తనకే రోత పుట్టినట్టుంది. ఆ మెరుపు చూసి మోసపోయానే, ఇంత చదువుకుని తలుపు తెరిచి లోపల చూడలేదే అని అమ్మతో పదేపదే అన్నాడు.

ఆ తర్వాత కారు తన గుణం మొత్తం చూపించింది. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. లైట్లు వాటంతటవే వెలిగేవి. ఒక ఉదయం నన్ను బడికి తీసుకెళ్తుంటే హైటెక్ సిటీ చౌరస్తా మధ్యలో ఆగిపోయింది. వెనక వరసగా హారన్లు. మెడలో ఆఫీసు బిళ్ళలు వేసుకున్నవాళ్ళు అద్దాల్లోంచి చిరాగ్గా చూస్తున్నారు. నేను యూనిఫారంతోనే దిగి వెనక నుంచి తోశాను. నాన్న పక్క నుంచి ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని తోస్తున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆయన నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రమే కారు అమ్మేయాలని నిర్ణయించాడు.

అమ్మడంలో తప్పేముంది? కానీ నాన్న అమ్మబోయిన తీరు వేరు. కొత్త కార్పెట్ వేయించాడు. పాత స్పాంజి మీదే కొత్త సీటు కవర్లు తొడిగించాడు. బయట మైనం రుద్దించాడు. ఆఖరికి దుకాణానికి వెళ్ళి ఒక సెంటు సీసా తెచ్చి నా చేతికిచ్చి, ఎవరైనా చూడటానికి వచ్చేముందు లోపలంతా కొట్టమన్నాడు. అదీ మల్లెపూల సెంటే. అమ్మ వంటింట్లోంచి బయటకు రాలేదు.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది కూడా. సీసా నొక్కితే తుంపర్లు వస్తుంటే ఆటలా ఉంది. సీట్ల కిందా, సందుల్లోనూ కొట్టాను. పెద్దవాళ్ళ పనిలో నాకూ వాటా దొరికిందని గర్వపడ్డాను.

శనివారం మధ్యాహ్నం ఒక జంట వచ్చారు. కర్నూలు వైపు వాళ్ళు. అతనికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. ఆమెకు ఏడో నెల. బస్సులో ఆసుపత్రికి వెళ్ళిరావడం కష్టమైపోతోందనీ, ఈ ఊళ్ళో తమకు ఎవరూ లేరనీ అతను చెప్పాడు. నాన్నను అన్నా అన్నా అంటూ పిలిచాడు. నాన్న కారు గురించి చెబుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. నార్సింగి మనిషి మాటలే మళ్ళీ వినపడుతున్నాయి. డాక్టరుగారూ, గుడీ, అన్నీ ఉన్నాయి.

ఆమె వెనక సీట్లో కూర్చుని చూసింది. సెంటు వాసనకు కాస్త ముఖం చిట్లించి, మళ్ళీ సర్దుకుంది. అప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏం పాపా, బండి బాగుంటాదా?"

పిల్లలు అబద్ధం చెప్పరని ఆమె నమ్మకం. నేను నాన్న వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు.

"బాగుంటుందక్కా," అన్నాను.

ఆమె నా చెంప తట్టింది. మర్నాడు వచ్చి ఖాయం చేసుకుంటామని చెప్పి వెళ్ళారు. గేటు పక్కన అవ్వ గడ్డి మోపు విప్పుతోంది. అంతా విన్నదని నాకు అప్పుడు తెలియదు.

ఎండ ఇంకా దిగకముందే అవ్వ చేతులు కడుక్కుని మా మెట్ల దగ్గరికి వచ్చి నాన్నను పిలిచింది.

"సారూ, నీ కారు పోతున్నదంట గదా. పోకముందు నన్ను ఒక్క చక్కర్ తిప్పరాదు? నేనెన్నడూ ఎక్కలే."

ఏనాడూ ఏమీ అడగని మనిషి అడిగితే కాదనలేక నాన్న తాళాలు తెచ్చాడు. అవ్వ వెనక సీట్లో, ఆ అక్క కూర్చున్న చోటే కూర్చుంది. నన్నూ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. వీధి చివరికి రాగానే అద్దాలన్నీ ఎక్కించమంది. ఆ చల్లగాలి మిషను పెట్టమంది. నాన్న తటపటాయించాడు. "పెట్టు సారూ, నేను గూడ సూస్త," అంది.

మధ్యాహ్నం నుంచి ఎండలో మరిగిన కారు. కాసేపటికి సెంటు పల్చబడింది. దాని కింద నుంచి అసలుది లేచింది. అవ్వ ముక్కు మూసుకోలేదు, ముఖం తిప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని దారి చూస్తూ కూర్చుంది. నాకు వాంతి వచ్చేలా ఉంది. అద్దం దించడానికి చేయి చాపితే, అవ్వ నా చేయి పట్టుకుని తన చేతిలో పెట్టుకుంది. చివరికి నాన్నే ఉండబట్టలేక తన పక్క అద్దం దించాడు.

"ఎందుకు దించుతున్నవ్ సారూ?" అంది అవ్వ. గొంతులో కోపం లేదు. "గా కడుపుతోని ఉన్న పిల్ల రేపట్నుంచి దీంట్లనే గద దవాఖానకు పోవాలె."

నాన్న కారు పక్కకు ఆపాడు. అప్పుడు అవ్వ తన సంగతి చెప్పింది. ఆమె భర్త ఒకసారి వట్టిపోవడానికొచ్చిన బర్రెను పశువుల అంగట్లో అమ్మాడట. రెండు పూటలు పాలు పిండకుండా ఆపి, పొదుగు నిండుగా కనపడేలా చేశాడట. కొన్నది మొగుడు పోయిన మనిషి, ముగ్గురు చిన్నపిల్లల తల్లి.

"పాలు మంచిగిస్తదా అక్కా అని మా ఆయనను అడగలే, నన్నడిగింది. ఆడిదాన్ని, నిజం చెప్త అనుకున్నది. మస్తుగిస్తదని చెప్పిన." అవ్వ కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇగ ఆ అంగడికి నేను మళ్ళ పోలే సారూ. ఆమె ఎదురొస్తే మొఖం ఎట్ల చూపియ్యాలె?"

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. నా చేయి మాత్రం వదలలేదు. ఆ గట్టి అరచేతిలో నా చేయి చెమట పట్టింది. అప్పటిదాకా నాకు కారంటే రోత. ఆ క్షణాన నా నోరంటే రోత పుట్టింది. ఇంటికి రాగానే కుళాయి దగ్గరికి పరుగెత్తి పుక్కిలించాను. ఎన్నిసార్లు పుక్కిలించినా బాగుంటుందక్కా అన్న మాట నాలుక మీదే ఉన్నట్టనిపించింది.

మర్నాడు ఆ జంట వచ్చారు. ఆమె కొత్త చీర కట్టుకుంది. కారు దిష్టికి నిమ్మకాయలు కూడా తెచ్చుకుంది. నాన్న వాళ్ళను కూర్చోబెట్టలేదు. నేరుగా కారు తలుపు తీసి, వంగి, కొత్త కార్పెట్‌ను చేతులతో పట్టి చింపినట్టు లేపాడు. ఎంత కడిగినా సందుల్లో ఇంకా అట్టకట్టి ఉన్న బురద చూపించాడు. "ఇది మునిగిన కారండీ. నాకు తెలిసే మీకు అమ్మబోయాను. నిన్న చెప్పిందంతా అబద్ధం," అన్నాడు.

వాళ్ళు సంతోషిస్తారని, నాన్నను మెచ్చుకుంటారని నేను ఎదురుచూశాను. అలాంటిదేమీ జరగలేదు.

"నిన్న ఎందుకు చెప్పలేదన్నా? అన్నా అన్నా అని తిరిగితిమి కదన్నా నీ ఎంబడి," అన్నాడతను. నాన్న తల వంచుకున్నాడు. అమ్మ మంచినీళ్ళు తెస్తే ఆమె గ్లాసు ముట్టుకోలేదు. వెళ్ళబోతూ నా దగ్గర ఆగింది.

"నువ్వు బాగుంటాదంటివి కదా పాపా," అంది.

తిట్టినా బాగుండేది. తను ఎక్కడ పొరబడిందో తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఇద్దరూ ఎండలో బస్టాపు వైపు నడిచి వెళ్ళారు. నాన్నా నేనూ గేటు దగ్గరే నిలబడిపోయాం.

కారును తర్వాత పాత ఇనుము కొనేవాళ్ళు తాడు కట్టి లాక్కుపోయారు. అది మలుపు తిరిగేదాకా నాన్న చూశాడు. తర్వాత నా తల మీద చేయి వేసి, "బండి కొనడం ఒక తప్పమ్మా. దానికి నీ చేత అబద్ధం ఆడించడం అంతకన్నా పెద్ద తప్పు," అన్నాడు. ఒక తండ్రి తన కూతురికి తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. చాలా ఏళ్ళు మళ్ళీ స్కూటరు మీదే తిరిగాం.

ఇప్పుడు నేనూ ఆ అద్దాల మేడల్లో ఒకదానిలో పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు మేడమ్ అని పిలిచే వయసొచ్చింది. పోయిన నెల వాళ్ళలో ఒక అమ్మాయి మా అపార్టుమెంటులో ఖాళీగా ఉన్న ఫ్లాటు గురించి అడిగింది. అది నా స్నేహితురాలిదే. ఎవరైనా అడిగితే మంచి మాట చెప్పమని స్నేహితురాలు నన్ను ముందే కోరింది కూడా. వానాకాలం పడకగది గోడలు చెమ్మగిల్లుతాయని, సున్నం వేసి దాచారని ఆ అమ్మాయికి చెప్పేశాను. స్నేహితురాలు అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. బాధగానే ఉంది. అయినా లిఫ్టులో ఆ అమ్మాయి ఎదురైనప్పుడు నేను తల దించుకోవలసిన పని లేదు.