ఎండకెదురుగా అద్దం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకే కాదు, తుడిచే గుడ్డలకు కూడా మడీ మైలా ఉండేవి. గచ్చు తుడిచే గుడ్డ వేరు, వంటింటి గుడ్డ వేరు, దేవుడి గదిలో కుందులు తుడిచే గుడ్డ వేరు. ఒకదానితో చేయాల్సిన పని ఇంకోదానితో చేస్తే మా నాయనమ్మ ఇల్లు పీకి పందిరేసేది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ తరవాత జరిగిన ఘోరం ఒక గుడ్డ దగ్గరే మొదలైంది.

మాది ఏలూరు. మా తాతయ్య పురోహితుడు. మా బాబాయికి మంత్రాలూ అబ్బలేదు, చదువూ అబ్బలేదు. పాత అంబాసిడర్ కారొకటి కొనుక్కుని బాడుగకు తిప్పేవాడు. ఇంట్లో వాళ్ళంతా దాన్ని డొక్కు బండి అనేవారు గానీ, బాబాయి మాత్రం పొద్దున్నే దాని మొహం చూశాకే కాఫీ తాగేవాడు.

దసరాకు చుట్టుపక్కల లారీలూ ట్రాక్టర్లూ మా వీధికి వచ్చేవి. వాటన్నిటికీ పూజ చేశాక తాతయ్య మా కారుకు చేసేవాడు. సొంత బండి కదా, దానికి మరీ శ్రద్ధ. అద్దాలన్నీ పైకెత్తించి, లోపల కర్పూరం వెలిగించి, మూలమూలకూ వెళ్ళేలా సాంబ్రాణి పొగ పట్టేవాడు. పూజ చేసిన బండిని మర్నాటిదాకా తుడవకూడదన్నది ఆయన పెట్టిన నియమం. ఆ యేడూ అలాగే జరిగింది. మర్నాడు చూస్తే అద్దాలకు లోపలివైపు పల్చగా తెల్లటి మసక పట్టి ఉంది.

బాబాయికి ఆ మధ్యాహ్నం గుండుగొలను బాడుగ ఉంది. ఇంజన్ పని చూసుకుంటూ నన్ను పిలిచాడు.

"అమ్మడూ, లోపలద్దాలు కాస్త తుడిచిపెట్టవే. నువ్వయితే సందుల్లో పడతావు."

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పని నాకు అప్పగించినందుకు ఎంత పొంగిపోయానో చెప్పలేను. పూజ చేసిన కారు కదా, దాన్ని మైల గుడ్డతో తుడవచ్చా? నా బుర్రకు తట్టిన గొప్ప ఆలోచన అది. దేవుడి గదిలోకి వెళ్ళి కుందులు తుడిచే గుడ్డ తెచ్చాను. ఏళ్ళ తరబడి నువ్వులనూనె తాగి పట్టులా మెత్తగా ఉండేది. దాంతో ముందద్దమంతా గుండ్రంగా రుద్ది రుద్ది తుడిచాను. కారు పాకలో నీడన ఉంది. అద్దం తళతళలాడింది. బాబాయి తొంగిచూసి "భేష్" అన్నాడు. ఆ మాటకు నేను మధ్యాహ్నందాకా నేలమీద నడవలేదు.

సాయంత్రం బాబాయి గుండుగొలను నుంచి ఖాళీ కారుతో తిరిగి వస్తున్నాడు. ఆ వేళకు రోడ్డు మీద సూర్యుడు సరిగ్గా ఎదురుగా దిగుతాడు. సైకిలుకు చేపల గంప కట్టుకుని అదే దారిలో ముందు వెళుతున్న ఒకాయనను బాబాయి కారు గుద్దింది. ఆయనది కొల్లేటి ఒడ్డున ఊరు. బాబాయే ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి ఏలూరు ఆసుపత్రికి తెచ్చాడు. దారిలోనే ప్రాణం పోయింది.

బాబాయిని పోలీసులు తీసుకెళ్ళారు, జామీను మీద వదిలారు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ప్రమాదానికీ నాకూ సంబంధం ఉంటుందన్న ఊహ కూడా లేదు నాకు. మా ఇంట్లో పొయ్యి వెలగని ఆ రోజుల్లో, నాకు ఆకలేసేదని మాత్రం బాగా గుర్తు.

కర్మలు అయిపోయాక చనిపోయినాయన భార్య మా ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నారు, ఏడుస్తుందనుకున్నారు. పెద్దవాళ్ళంతా గుమ్మంలో బిగుసుకుపోయి నిలబడ్డారు. ఆవిడ అరుగు దగ్గరే ఆగి, బాబాయి మొహంలోకి చూసి ఒక్కటే అడిగింది.

"ఏవండీ, అంత గంప పెట్టుకుని వెళ్తున్నాడు కదండీ. మా ఆయన మీకు కనపడలేదాండీ?"

బాబాయి రెండు చేతులూ జోడించాడు. "కనపడలేదమ్మా. ఎండ ఎదురైంది, అద్దమంతా తెల్లగా అయిపోయింది. సరిగ్గా తుడుచుకోలేదు నేను. నాదే తప్పమ్మా."

తలుపు వెనకనుంచి విన్నాను. తుడిచింది నేను కదా! బయటికి వచ్చి ఆ మాట చెప్పాలనిపించింది. గడప మీద కాలు పెట్టాను కూడా. బాబాయి నన్ను చూశాడు. చెయ్యి వెనక్కి పెట్టి, రావద్దని సైగ చేశాడు. నేను ఆగిపోయాను. ఆయన ఆపినందుకు ఆగానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. భయంతో ఆగాను. ఆపేవాడు దొరికాడని సంతోషించాను కూడా. గుడ్డ సంగతి తెలియక చేశాను, దానికంటే ఈ సంగతికే నాకు ఇప్పటికీ సిగ్గు.

కారు పోలీసుల దగ్గరనుంచి తిరిగొచ్చాక ఒక సాయంత్రం బాబాయి దాన్ని పాకలోంచి బయటికి తోసి, ఎండకెదురుగా నిలబెట్టాడు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. ఎదురుగా వీధి ఉండాలి. వీధి లేదు. తెల్లటి వెలుగు, అందులో గుండ్రంగా నూనె చారలు. చిన్న చెయ్యి తిరిగినంత మేర చారలు. అవి నావి. నేను గట్టిగా ఏడ్చేశాను.

ఆయన నన్ను ఏడవనిచ్చాడు. తరవాత అన్నాడు. "గుడ్డ నీ చేతిలో ఉంది, అమ్మడూ. స్టీరింగు నా చేతిలో ఉంది. కనపడనప్పుడు బండి ఆపాల్సినవాణ్ణి నేను. ఇంటికెళ్ళిపోదామని ఆపలేదు. నీది కాని బరువు నెత్తినెట్టుకోకు. అద్దం తుడవటం మాత్రం నేర్చుకో."

అప్పుడు నేర్పాడు. గోరువెచ్చటి నీళ్ళలో పిసికిన కుంకుడు రసంతో ముందు నూనె వదలగొట్టాలి. ఉతికి ఆరేసిన పాత పంచె ముక్కతో, మంచినీళ్ళతో రెండుసార్లు తుడవాలి. చివరికి పొడి కాగితంతో రుద్దాలి. లోపల తుడిచేటప్పుడు అడ్డంగా, బయట తుడిచేటప్పుడు నిలువుగా. అలా చేస్తే మిగిలిన చార ఏ వైపుదో ఇట్టే తెలుస్తుంది. అన్నీ అయ్యాక ఎండకెదురుగా కూర్చుని చూడాలి. నీడలో ఏ అద్దమైనా బాగానే ఉంటుందన్నాడు.

కోర్టులోనూ బాబాయి నా పేరెత్తలేదు. ఆరునెలలు జైల్లో ఉండి వచ్చాడు. తాతయ్య మళ్ళీ ఏ బండిలోనూ తలుపులు మూసి సాంబ్రాణి వేయలేదు. బాబాయి మళ్ళీ కారు నడిపాడు గానీ, ఎండ ఎదురైతే ఎక్కడున్నా సరే పక్కకు తీసి ఆపేసేవాడు. బాడుగకు ఎక్కినవాళ్ళు గొణిగేవారు. సూర్యుడు దిగిపోయేదాకా ఆయన కదిలేవాడు కాదు. పోయేదాకా అంతే.

ఇప్పుడు మా అమ్మాయి తాడేపల్లిగూడెంలో ఉంటోంది. కొత్త కారు, పొగా లేదు, సాంబ్రాణీ లేదు. అయినా ఎండకు లోపలి ప్లాస్టిక్ కాగి, అద్దాలకు అదే తెల్లటి మసక. సెల్లార్లో టిష్యూ పెట్టి ఒక్క తుడుపు తుడిచి "అయిపోయిందమ్మా" అంటుంది. నేను ఒప్పుకోను. బయట ఎండలో పెట్టించి, లోపల అడ్డంగా, బయట నిలువుగా నేనే తుడుస్తాను. మోకాళ్ళ నొప్పులతో ఎందుకమ్మా ఈ చాదస్తం అంటుంది. తనకు ఈ కథ చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, ఆనాడు గడప దగ్గర ఆగినట్టే.

సాయంత్రం పూట నన్ను ఏలూరులో దింపడానికి వస్తుంది. గుండుగొలను దాటాక ఎండ ఎదురుపడుతుంది. ఎడమపక్క రోడ్డంచునే చూస్తూ కూర్చుంటాను. నా చేతులతో తుడిచిన అద్దమే, అయినా నమ్మలేను.

"కనపడుతోందా అమ్మా?" అని అడుగుతాను.

"కనపడుతోందమ్మా. ఎన్నిసార్లు అడుగుతావు?" అని విసుక్కుంటుంది.

ఆవిడ మా అరుగు దగ్గర నిలబడి ఒక్కసారే అడిగింది. నేను ఏలూరు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.