పళ్ళాయన ఓడ ప్రయాణం

ఆ వీధిలో అతన్ని అందరూ పళ్ళాయన అనేవారు. అతను పళ్ళ డాక్టరు కాదు, డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిపెట్టేవాడు. ఇంటి మెట్ల కిందున్న ఇరుకు గదిలో కూర్చుని, వాళ్ళు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గులాబీరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే అమర్చేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఎదుటివాళ్ళ మొహం కంటే ముందు నోరు చూస్తాడని భార్య ఎగతాళి చేసేది.

ఆమె బడిలో డ్రిల్లు టీచరు. మైదానం ఈ చివర ఆమె గొంతెత్తితే ఆ చివర పిల్లలు నిటారుగా నిలబడేవారు. ఆరేళ్ళ కిందట ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచింది. వంగి తీసుకోబోయి అక్కడే కూలబడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాటల్లో నాలుగు మిగిలాయి: కాదు, అటు, ఇంకా, పద.

ఆ నాలుగు మాటల మీదే సంసారం నడిచింది. పళ్ళాయన రెండు గంటలకోసారి పని ఆపి పైకి వచ్చి ఆమెను పక్క మార్చేవాడు. నోట్లో ముద్ద పెట్టేవాడు, ఒళ్ళు తుడిచేవాడు, జడ వేసేవాడు. మొదట్లో జడ వంకరగా వచ్చేది. ఆమె అద్దంలో చూసుకుని "కాదు, కాదు" అని నవ్వేది. తర్వాత అదీ అలవాటైంది.

ఈ మధ్య అతని చేతులు వణకడం మొదలైంది. ఒకే నెలలో మూడు పళ్ళ సెట్లు సరిగా కూర్చోలేదని వెనక్కి వచ్చాయి. వారానికి రెండుసార్లు వచ్చి భార్యకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి అది గమనించింది.

"అంకుల్, మీరు అద్దంలో మొహం చూసుకుని ఎన్నాళ్ళైంది?"

"రోజూ గడ్డం గీసుకుంటాగా."

"గడ్డం కాదు, మొహం. మీరు కూడా మంచాన పడితే ఆంటీని ఎవరు చూస్తారు? మూడు రోజులు ఎక్కడికైనా వెళ్ళిరండి. ఒక్కరే."

ఆ అమ్మాయే ఫోన్లో ఓడ బొమ్మ చూపించింది. ఒక సాయంత్రం బయల్దేరి, రెండు రాత్రులు సముద్రం మీద తిప్పి, మూడో రోజు ఉదయం ఎనిమిదింటికల్లా దింపేస్తారట. పళ్ళాయన నవ్వి ఊరుకున్నాడు. కానీ పక్క మీద నుంచి "పద" అంది భార్య. ఎటు పదమందో, ఎవర్ని పదమందో అతనికి తెలియలేదు. ఫిజియో అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టింది. "చూశారా! ఆంటీ కూడా వెళ్ళమంటున్నారు."

భార్య చెల్లెలు వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. మూడు రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. పళ్ళాయన నాలుగు కాగితాల నిండా రాసిచ్చాడు: ఏ మాత్ర ఎప్పుడు, ఏ దిండు ఎక్కడ, నీళ్ళు ఎంత గోరువెచ్చగా ఉండాలి.

"బావగారూ, ఆమె నాకూ అక్కే. మీకు పెళ్ళి కాకముందు నుంచీ తెలుసు నాకు," అంది మరదలు. "కానీ మూడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి నా బస్సు. మర్నాడు పిల్లలకి పరీక్షలు, నేను లేకపోతే హాస్టలువాళ్ళు ఊరుకోరు."

"ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉంటాను."

ఓడలో అతనికిచ్చిన గది అల్మారాకి తలుపు పెట్టినట్టుంది. మంచం ఒక్కరికి సరిపోయేది. అయినా గోడవైపు ఖాళీ వదిలి అంచునే పడుకున్నాడు. రెండు గంటలకోసారి మెలకువ వచ్చి చెయ్యి చాచితే గోడ తగిలింది. పొద్దున భోజనాల హాల్లో పళ్ళెంలో రొట్టె, పండ్లు పెట్టుకుని, వాటిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ముక్కల్లో గింజలు ఏరి, చెంచా చేతిలో పట్టుకుని ఎదురుగా చూశాడు. ఎదురుగా ఎవరో పెద్దావిడ కూర్చుని ఉంది.

"పసిపిల్లలున్నారా బాబూ మీకు?" అందావిడ.

పళ్ళాయన చెంచా కింద పెట్టాడు. ఆవిడ నోటివైపు చూశాడు. కుడివైపే నములుతోంది. "ఎడమవైపు కింద సెట్టు గుచ్చుకుంటోందాండీ?" అన్నాడు.

ఆవిడ చెంచా వదిలేసింది. "ఎనిమిది నెలల్నుంచి! మా ఇంట్లోవాళ్ళకే తెలీదు. మీకెలా తెలిసింది?"

టిఫిన్లయ్యాక ఆవిడ హ్యాండ్‌బ్యాగులోని లిప్‌స్టిక్ అడిగి తీసుకున్నాడు. చిగురు మీద నొప్పి ఉన్నచోట ఆవిడచేతే చుక్క పెట్టించి, సెట్టు వేసి తీయించాడు. ఎర్రగా అంటినచోట గోళ్ళు రుద్దే ఆకురాయితో నెమ్మదిగా అరగదీశాడు. పెట్టుకుని నమిలి చూసి ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టినంత పని చేసింది. ఆ అరగంటా చెయ్యి వణకలేదు. ఆ సంగతి అతను తర్వాత గానీ గమనించలేదు.

ఆ సాయంత్రం పైఅంతస్తులో కుర్చీ వేసుకుని సముద్రం చూశాడు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. హాయిగా ఉందని తెలిసేసరికి లేచి గదిలోకి వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఆరింటికే సంచి సర్దుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఊరు కనిపిస్తోంది. తమ వీధి వెనకాల ఉన్న నీళ్ళ ట్యాంకు కూడా, చీమంత, కనిపిస్తోంది. కానీ ఓడ ముందుకి కదలడం లేదు. గాలి ఈడ్చి కొడుతోంది. రేవు మూసేశారనీ, గాలి తగ్గేదాకా ఇక్కడే లంగరు వేసి ఉంటామనీ మైకులో చెప్పారు. జనం ఉసూరుమని మళ్ళీ టిఫిన్లకి వెళ్ళారు.

పళ్ళాయన ఓడ అధికారిని వెతికి పట్టుకున్నాడు. తెల్ల చొక్కా కుర్రాడు, మర్యాదస్తుడు.

"బాబూ, అదిగో, ఆ ట్యాంకు పక్కనే మా ఇల్లు. చిన్న పడవ ఏదైనా దింపితే…"

"ఈ గాలికి పడవ దింపితే మీరూ దక్కరు, పడవా దక్కదు సార్."

"మా ఆవిడ తనంతట తను పక్కకి ఒత్తిగిలలేదు. పన్నెండు దాటితే దగ్గర ఎవరూ ఉండరు."

ఆ కుర్రాడి మొహం మారింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ ఇంట్లో మా అమ్మే ఉన్నా పడవ దింపలేను సార్," అన్నాడు మెల్లగా. అతను కసురుకుని ఉంటే పోట్లాడేవాడు పళ్ళాయన. ఆ మెత్తని మాట విని జేబులోంచి ఫోన్ తీశాడు.

ఫోన్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. పదకొండున్నరకి మరదలు దొరికింది.

"బావగారూ, ఏం చెయ్యమంటారు? రెండో బస్సు లేదు. హాస్టలువాళ్ళు ఇప్పటికే ఒకసారి రాతపూర్వకంగా హెచ్చరించారు. పైవాటాలో ఉండే టైలరమ్మ ఊరవతల బట్టలు ఇవ్వడానికి వెళ్ళిందట, ఐదింటికి వస్తుంది. తాళం చెవి ఆమె చిన్న కొడుక్కిచ్చి, ఆమె రాగానే దిగమని చెప్తాను. అక్కకి అన్నం పెట్టేశాను, పక్కన నీళ్ళు పెట్టాను. అక్క పొమ్మనే అంటోంది."

"ఏమంది?"

"'పద' అంది."

ఫిజియో అమ్మాయికి ఫోన్ చేశాడు, మోగలేదు. తను పళ్ళు చేసిపెట్టే డాక్టరు ఒకాయనకి చేశాడు, సగం మాటలో తెగిపోయింది. ఒంటిగంటకి ఏమీ తోచక ఇంటి ఫోన్‌కే చేశాడు. అది గది అవతలి గోడకి అరలో ఉంటుంది. ఆమె తీసే వీల్లేదని తెలుసు. అయినా మోగుతుంటే ఆ గదిలోనే ఉన్నట్టు అనిపించింది. పది మోతలు విన్నాడు. ఆ చప్పుడుకి ఆమె కంగారుపడి లేవబోతుందేమో అన్న ఆలోచన అప్పుడు తట్టింది. చప్పున పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు.

ఐదింటిదాకా రెయిలింగ్ పట్టుకుని నీళ్ళ ట్యాంకునే చూస్తూ నిలబడ్డాడు. కట్టుడు పళ్ళ పెద్దావిడ వచ్చి ఒక శాలువా కప్పి పక్కనే నిలబడింది. ఐదూపదికి టైలరమ్మ మాట ఒక్కటి తెగకుండా వినబడింది: "బాగానే ఉన్నారన్నయ్యగారూ, నేనున్నాగా." అంతే, సిగ్నల్ పోయింది.

గాలి మర్నాడు పదింటికి తగ్గింది. మధ్యాహ్నానికి పళ్ళాయన ఇంట్లో ఉన్నాడు.

భార్య దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. టైలరమ్మ అతన్ని వంటగదిలోకి పిలిచి చెప్పింది. "నేను తలుపు తీసేసరికి మంచం మీద లేరన్నయ్యగారూ. కిటికీ కింద గోడకి చేరగిలబడి నేలమీద కూర్చున్నారు. పడినట్టు లేదు. ఎలా దిగారో, ఎలా పాకారో ఆ దేవుడికే తెలియాలి. నన్ను చూసి ఏడవనూ లేదు, నవ్వనూ లేదు."

పళ్ళాయన మంచం పక్కన కూర్చున్నాడు.

"ఫోన్ మోగితే దిగావా?"

"కాదు."

ఫోన్ ఒకవైపు, కిటికీ ఇంకోవైపు. అయినా అతనికి నమ్మకం కుదరలేదు.

"నా కోసం చూడటానికా?"

"కాదు."

"భయమేసిందా? దాహమేసిందా? ఎవరైనా పిలిచారా?"

"కాదు. కాదు. అటు…" ఎడమ చేత్తో కిటికీ చూపించింది. "అటు. ఇంకా… ఇంకా…" పెదాలు కదిలాయి. ఆ ఐదు గంటలూ ఆమె కళ్ళలో ఉన్నాయి. చెప్పాలని చాలా ప్రయత్నించింది. నుదుటి మీద చెమట పట్టింది. అతను కిటికీలోంచి చూశాడు. ఎదురింటి డాబా, దాని మీద ఆరేసిన బట్టలు, అంతే. "బట్టలా? పిట్టా? పిల్లలెవరైనా ఆడుకుంటున్నారా?" అని అడుగుతూనే పోయాడు. చివరికి ఆమె "పద" అని కళ్ళు మూసుకుంది.

రెండు రోజులు వదల్లేదతను. ముద్ద పెడుతూ అడిగాడు, జడ వేస్తూ అడిగాడు. మూడో రోజు అడగబోతే ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

ఫిజియో అమ్మాయి మాత్రం ఎగిరి గంతేసింది. "ఆరేళ్ళలో మొదటిసారి అంకుల్! తనంతట తను కదిలారు! మీరు ఎదురుగా ఉంటే ఆంటీ కదలరు, ఎందుకంటే మీరు కదలనివ్వరు. రోజూ ఒక గంట నేలమీద పరుపు వేసి ఒంటరిగా వదిలేయండి. తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళండి. ఏ చప్పుడైనా లోపలికి రావద్దు."

"పడితే?"

"నేలమీదే ఉంటారు కదా, ఎక్కడికి పడతారు? మీరు రావద్దు, అంతే."

పళ్ళాయన భార్య వైపు చూశాడు. ఆమె "పద" అంది. ఈసారి ఎవర్ని అందో తెలిసింది.

ఆ రోజు నుంచి నాలుగింటికి తలుపు దగ్గరగా వేసి బయట మెట్ల మీద కూర్చుంటున్నాడు. కింద పనిగదిలో నాలుగు నోళ్ళ అచ్చులు ఎదురుచూస్తుంటాయి, కానీ దిగలేడు. లోపల పరుపు మీద గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. ఆగుతుంది. ఊపిరి ఎగపోత. మళ్ళీ చప్పుడు. ఏదో తగిలి గ్లాసు దొర్లుతుంది. అతను లేస్తాడు, గడియ మీద చెయ్యి వేస్తాడు, తీసేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. చేతుల్ని మోకాళ్ళ మధ్య బిగించి పెట్టుకుంటాడు.

"ఏంటన్నయ్యగారూ, బయట కూర్చున్నారు?" అంటుంది పైకి వెళుతూ టైలరమ్మ.

"లోపల ఆవిడకేదో పనుందమ్మా," అంటాడు.