నీళ్లలో ముంచిన కమాన్ పట్టీ

దేవరకొండకు పడమర, కల్వకుర్తి పోయే బాటకు రెండు మైళ్ల లోపల ఒక రాతి గుట్ట ఉంది. రోహిణి కార్తెలో ఒక పొద్దున ఆరింటికి అక్కడికి చేరాను. నెత్తి మీద కొలిమి ఊదే తోలు తిత్తి. సంచిలో సుత్తి, రెండు పటకార్లు. అప్పుడు రాజ్యం నిజాందే. దాని మీద పోరాడే దళానికి కమ్మరి కావాలని మా ఊరికి కబురు వచ్చింది. బాపు చేతులు వణుకుతున్నాయి. అందుకని నేను వచ్చాను.

దళనాయకుడు నా వెనక బాట వైపు చూశాడు.

"కమ్మరాయన ఏడమ్మా?"

"నేనే."

"సుత్తి ఎత్తుతవా?"

"పన్నెండేండ్ల సంది ఎత్తుతున్న."

"నీళ్లు తాగి రా. పని ఉంది."

పని ఒక మోటరు. దొర గడి నుంచి తెచ్చిన కారు. వెనక సగం కోసేసి కట్టె తొట్టి కట్టారు. పెట్రోలు దొరకదు కాబట్టి వెనక బొగ్గు డ్రమ్ము పెట్టారు. ఆ బొగ్గు కాలితే వచ్చే గ్యాసుతోనే నడవాలి. తొట్టిలో జొన్న సంచులు వేయగానే వెనక భాగం కూర్చుంది. టైరుకూ తొట్టికీ నడుమ రెండు వేళ్లు కూడా పట్టవు.

జొన్నలు అడవిలో దాగిన జనానికి. కానీ మా తొందర జొన్నల కోసం కాదు, దళం కబుర్లు మోసే కొరియర్ కోసం. అతను గొల్లవాడు. చీటీ చేతికిస్తే ఒక్క పూటలో ఇరవై మైళ్లు పోయేవాడు. రెండు రోజుల కింద పిక్కలో తూటా దిగింది. కాలు వాచి నల్లబడుతోంది. డాక్టరు పద్దెనిమిది మైళ్ల దూరంలో, దక్షిణాన అడవి అంచున ఉన్నాడు. ఎడ్లను పోలీసులు తోలుకుపోయారు, బండి మాత్రం మిగిలింది. అందులో గడ్డి పరిచి, అతన్ని పడుకోబెట్టి, బండిని మోటరు వెనక కట్టాలి. అప్పుడు బండి ముందుకు చాచిన నొగ బరువు కూడా మోటరు మీదే పడుతుంది.

డ్రైవర్‌ది షాద్‌నగర్ వైపు. పాత బస్సు నుంచి ఊడదీసిన కమాన్ పట్టీలు నాలుగు తెచ్చాడు. చక్రానికీ తొట్టికీ నడుమ బరువు మోసే వంపు ఉక్కు పట్టీలు అవి.

"పక్కకు రెండు ఎక్కియ్యాలె చెల్లె. పొడుగున్నయి, కోసి ఒంపు తియ్యి. ఒక్క మాట. ఇది నాగలి కర్రు కాదు, నీళ్లల్ల ముంచకు. ఆముదంల ముంచు. మళ్లీ సన్న సెగ మీద నీలిరంగు వచ్చేదాక కాచు. అట్లయితేనే వంగుతది, లేకుంటే పుటుక్కున ఇరుగుతది."

"మా ఇంట్ల అంతా నీళ్లే అన్న."

"మీ ఇంట్ల నాగండ్లు, బెహన్. నా ఇంట్ల మోటరు."

డ్రైవర్ దగ్గరున్న బస్సు ఇరుసు ముక్కను, ఇనుము పెట్టి కొట్టే దాగలి చేసుకున్నాను. ఏడింటికి కొలిమి అంటుకుంది. మూడు పట్టీలు ఆముదంలో ముంచి, నీలిరంగుకు కాచాను. ముంచినప్పుడల్లా నల్లటి పొగ నిలువునా లేచింది. నాలుగోది ఎర్రగా పటకారులో ఉంది. గుట్ట మీద కాపలా మనిషి అరిచాడు.

"పొగ ఆపుండ్రి! బాట మీద పోలీసు లారీల దుమ్ము!"

"కొలిమి ఆర్పు!" అన్నాడు నాయకుడు.

ఆముదంలో ముంచితే పొగ. ముంచకపోతే పట్టీ మెత్తబడుతుంది. పక్కన కుండలో నీళ్లున్నాయి. ముంచాను. సుయ్‌మని తెల్లటి ఆవిరి లేచి పోయింది. మిగిలిన నీళ్లతోనే కొలిమి ఆర్పాను. నీలిరంగుకు కాచే వీలు లేకపోయింది.

దుమ్ము వేరే దిక్కుకు పోయింది. కానీ మళ్లీ నిప్పు పెట్టనివ్వలేదు. మోటరు కింద నుంచి డ్రైవర్ చెయ్యి చాపాడు. నాలుగో పట్టీ అందించాను.

"అన్నీ ఆముదంలనే ముంచినవా?"

"ఊ" అన్నాను.

పదకొండుంబావుకు బోల్టులు బిగిశాయి. మోటరు వెనక భాగం లేచింది. టైరు మీద జానెడు జాగా కనిపించింది. అందరూ నా వీపు తట్టారు. పదకొండున్నరకు బయలుదేరాం. ఎండకు పోలీసు కాపలాలు పండుకునే వేళ అది. నడక వేగమే. తొట్టి పక్కన నేను, బండిలో కొరియర్.

"చెల్లె, నీ పెండ్లికి నేనే కబురు మోస్త" అన్నాడు. "కాలు జర నయం కానీ."

రెండుంబావుకు ఎండిన వాగులో దిగాం. ఇసుకలో చక్రం దిగబడితే, డ్రైవర్ జోరు పెంచాడు. తుపాకి పేలినట్టు చప్పుడైంది. అందరం బోర్లా పడుకున్నాం. ఎవరూ కాల్చలేదు. లేచి చూస్తే తొట్టి టైరు మీద కూర్చుని ఉంది. నాలుగో పట్టీ రెండు ముక్కలైంది. ఆ దెబ్బకు మోటరుకు ముందు నుంచీ ఉన్న పట్టీలు కూడా ఊడిపోయాయి.

డ్రైవర్ ముక్క చేతిలోకి తీసుకున్నాడు. విరిగిన చోటు రవ్వ రవ్వగా మెరుస్తోంది. నా దిక్కు చూశాడు.

"నీళ్లా?" మెల్లగా అడిగాడు.

తల ఊపాను.

నాయకుడు వచ్చి ఏమైందన్నాడు.

"పాత ఇనుము. ఇరిగింది" అన్నాడు డ్రైవర్. ముక్కను ఇసుకలో పారేశాడు.

సంచులు వాగు ఒడ్డున దాచాం. బండి నొగ నరికి, ఇరుసుకూ తొట్టికీ నడుమ దిమ్మగా కట్టాం. నొగ లేని బండిని లాగలేం. కొరియర్‌ను తొట్టిలోకి ఎక్కించాం. ఐదున్నర దాటింది. తరవాత ప్రతి రాయికీ అతను పళ్లు బిగించాడు. డాక్టరు దగ్గరికి చేరేసరికి చీకటి పడింది.

డాక్టరు కట్టు విప్పి, వాసన చూశాడు.

"పొద్దుండంగ తెస్తే చూస్తుంటి. ఇప్పుడు మోకాలి కింద కాలు ఉంచలేను."

ఇంకో మూడు నెలలు దళంలో ఉన్నాను. బందూకులు బాగుచేశాను, కత్తులు చేశాను. చేసిన ప్రతిదీ రెండుసార్లు చూసుకున్నాను. నీళ్ల సంగతి డ్రైవర్ ఎవరికీ చెప్పలేదు. నేనూ కొరియర్‌కు చెప్పలేదు. తరవాత అతను ఒక్కసారి ఎదురుపడ్డాడు, చంకలో కర్రతో. "పెండ్లెప్పుడు?" అన్నాడు. చెబుదామని నోరు తెరిచి, నీళ్లు కావాలా అని అడిగాను.

వానలు పడుతుండగా ఇల్లు చేరాను. వాకిట్లో కర్రులు కుప్పగా ఉన్నాయి. బాపు ఒకటి కాల్చి పటకారు నా చేతికిచ్చాడు. "ముంచు బిడ్డా" అన్నాడు. ముంచాను. కర్రుకు నీళ్లే సరి. చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. బాపు తన వణుకే నాకూ వచ్చిందనుకున్నాడు.

ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోనిది ఆ వాగే. మేం నొగ నరుకుతున్నాం. కొరియర్ ఒక సంచికి ఆనుకుని ఇసుకలో కూర్చున్నాడు, వాచిన కాలు చాపుకుని. డ్రైవర్ పారేసిన ముక్క అతని చేతికి దొరికింది. విరిగిన అంచును ఎండకు తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"చూడు చెల్లె, నాకంటే ముందు మోటరుకే కాలు పోయింది" అని నవ్వాడు. "లోపల ఎంత మెరుస్తుందో చూడు. దీన్ని నువ్వే చేసినవా?"