కుట్టులో వదిలే గుడ్డ

మా తమ్ముడు దర్జీ. పెళ్లాం విడిపోయి ఏడాది కావస్తున్నా వాడి కంట చుక్క నీరు రాలలేదు. కొట్లో జోకులే జోకులు. "ఎలా ఉన్నావు బాబూ?" అని ఎవరడిగినా, "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అనేవాడు. "మీవాడిది రాతిగుండె" అని వీధంతా మెచ్చుకుంటుంటే నేనూ పిచ్చిదానిలా మురిసిపోయాను.

ముఖం పీక్కుపోయిన మాట నిజమే. "అన్నం తింటున్నావురా?" అంటే "సుష్టుగా" అనేవాడు. చిక్కినవాడి చొక్కా వేలాడాలి కదా, వీడిది ఒంటికి అతికినట్టుందే అని సరిపెట్టుకున్నాను. దర్జీవాడి అక్కనై ఉండి! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నిన్న వాడు కడుపునొప్పితో మిషను మీదే వాలిపోయాడని పక్క కొట్టాయన కబురు పెడితే పరుగెత్తాను. నేను వెళ్లేసరికి లేచి మళ్లీ కుడుతున్నాడు. "గ్యాసక్కా, అంతే" అన్నాడు.

వెనక గదిలో ఇస్త్రీకని వాడి చొక్కాలు తిరగేసి ఉన్నాయి. ప్రతిదానికీ పక్కల్లో కుట్టు మీద కుట్టు. చిక్కినప్పుడల్లా ఇంకాస్త బిగించుకుంటూ వచ్చాడన్నమాట. అయినా మిగులు గుడ్డ లోపల అలాగే ఉంది. "మనిషన్నాక మళ్లీ ఒళ్లు చేస్తాడు, గుడ్డ వదలాలి" అనేది వాడి మాటే.

అన్నిటికన్నా కొత్తగా బిగించిన చొక్కా తీసి చూశాను. అందులో మిగులు లేదు. కుట్టు దాకా కత్తిరించేశాడు.

"ఇదేంట్రా?" చొక్కా తెచ్చి వాడి ముందు పరిచాను.

మిషను ఆగింది. వాడి నవ్వూ ఆగింది.

"ఇంకెవరి కోసం ఒళ్లు చేస్తానక్కా? ముద్ద దిగట్లేదు. నిద్ర పట్టట్లేదు. పొట్టలో ఒకటే మంట. అందరూ రాతిగుండె, రాతిగుండె అంటుంటే ఎవరికి చెప్పుకోను?"

"నాకు చెప్పుకోవాలిరా, దున్నపోతా!" అని అరుస్తూనే ఏడ్చేశాను. వీడెక్కడ దక్కకుండా పోతాడోనని అంత భయమేసింది.

ఆసుపత్రికి లేవదీశాను. బొత్తాలు కుట్టమని నేనిచ్చిన మా ఆయన చొక్కా అక్కడుంటే అదే తొడిగించాను. అందులో వీడిలాంటివాళ్లు ఇద్దరు పడతారు. అద్దం ముందు నిలబడగానే వాడి చెయ్యి అలవాటుగా పక్కలకి పోయింది. వదులుగా ఉన్న గుడ్డని మడిచి పట్టుకుని గుండుసూది కోసం తడుముతున్నాడు.

చేతి మీద ఒక్కటేశాను. "ముట్టుకున్నావంటే చూడు! అలాగే వేలాడనీ. డాక్టరు చూడాలి."

బయటికి రాగానే పక్క కొట్టాయన ఎదురొచ్చాడు. "ఇప్పుడెలా ఉంది బాబూ?"

తమ్ముడు నా వైపు చూశాడు.

"బాగాలేదండీ" అన్నాడు.